ముసుకు, క్షౌరము, పైటచెంగు: యూదుల శిరోవస్త్రం గోదావరి డెల్టాలో పొందిన అర్థాలు

వ్యాససంగ్రహం: యూదు సంప్రదాయంలో తల కప్పుకోవడం స్త్రీకి వివాహానికీ, పురుషుడికి దైవభీతికీ గుర్తు. ఆ సంప్రదాయంలో పెరిగిన పౌలు రాసిన లేఖ ద్వారా దాని ఒక రూపం గోదావరి డెల్టాలోని క్రైస్తవ సహవాసాలకు చేరింది. అక్కడ అప్పటికే ముసుగుకు వైధవ్యం అనే అర్థం స్థిరపడి ఉంది. శిరోవస్త్రానికి స్వతంత్రమైన అర్థం లేదనీ, జుట్టు, మంగలికత్తి, భర్త, పొరుగువారి తలలు అనే వాటి నడుమ అది ఏ చోట నిలిచిందన్నదాన్ని బట్టే అర్థం ఏర్పడుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముసుకు, శిరోముండనం, తలనీలాలు, కిప్పా, షైటెల్, గోదావరి డెల్టా మిషన్, బెనె ఎఫ్రాయిము.

ఉపోద్ఘాతం

నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోని బ్రదరన్ సహవాసాల్లో ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళ ఒక చిన్న కదలిక కనిపిస్తుంది. ఒక పక్కన కూర్చున్న స్త్రీలు భుజం మీది చెంగును తల మీదికి లాక్కుంటారు. రెండో పక్కన పురుషుల తలలు బోసిగా ఉంటాయి. ఎండకు తువ్వాలు చుట్టుకొని వచ్చినవారు దాన్ని భుజం మీదికి దించుతారు. చెప్పులు గడప బయటే ఉంటాయి. చెప్పులు విడవడం మోషే కథలోనూ ఉంది, ఊరి గుడిలోనూ ఉంది. అందువల్ల దానికి ఎవరూ వ్యాఖ్యానం అడగలేదు. చెంగు సంగతి అలా కాదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఈ ప్రాంతం కేంద్రంగా పెంచిన గోదావరి డెల్టా మిషన్ నాటినుంచి నేటివరకూ ఆ చెంగుకు ఆధారం ఒక్కటే: పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ, పదకొండో అధ్యాయం.

పౌలు యూదుడు. తాను పరిసయ్యుడనని చెప్పుకొన్నవాడు. ఆయన మాట యూదు ఆచారాన్ని కొంత నిలుపుకొంది, కొంత తలకిందులు చేసింది. ఆ మాట తెలుగులోకి వచ్చినప్పుడు మరోసారి అర్థం మారింది. ఈ రెండు మార్పులనూ కలిపి చూసిన చర్చ తెలుగులో అరుదు. ముసుగు ప్రస్తావన రాగానే ఒక పక్షం దాన్ని అణకువ అంటుంది, మరొక పక్షం దాస్యం అంటుంది. ముసుగుకు ఎక్కడైనా ఒకే అర్థం ఉంటుందన్న నమ్మకం మాత్రం ఇరుపక్షాలకూ ఉమ్మడి. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి గోదావరి డెల్టా కంటే అనువైన చోటు దొరకడం కష్టం. రాజమహేంద్రవరంలో వితంతువు ముసుగు ఒక శతాబ్దపు వివాదానికి కేంద్రం. అదే డెల్టాలో క్రైస్తవ ముత్తైదువ చెంగు ప్రార్థనకు గుర్తు. కృష్ణానది ఆవల, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తెలుగు మాట్లాడే ఒక సమాజం ఆ క్రైస్తవాన్ని విడిచి యూదు కిప్పాను తలకెత్తుకొంది.

భర్త ఉన్నంతకాలం, ఆ తరువాత

యూదు స్త్రీ శిరోవస్త్రానికి మూలంగా ధర్మవేత్తలు చూపేది సంఖ్యాకాండం అయిదో అధ్యాయం. భర్త అనుమానానికి గురైన భార్యను యాజకుడు దేవుని సన్నిధిలో నిలబెట్టి, ఆమె తలను విప్పుతాడు. విప్పడం అవమానమైతే కప్పి ఉండడమే సహజస్థితి అని తల్ముద్ తర్కించింది. మిష్నాలోని కెతుబోత్ భాగం, తల విప్పుకొని బయటికి వెళ్లే భార్యను వివాహధర్మం మీరినదానిగా లెక్కించి, విడాకుల వేళ ఆమెకు రావలసిన సొమ్ము దక్కదంది. గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ నియమం తొలి ఆధారం ఒక నింద తాలూకు విచారణ. ఆచారాన్ని స్త్రీ గౌరవచిహ్నంగా మాత్రమే వర్ణించే ఆధునిక వ్యాఖ్యాతలు ఈ మూలాన్ని తొందరగా దాటిపోతారు.

ఇక్కడ వచ్చే హీబ్రూ క్రియకు కప్పు తీయడం అనే అర్థంతోపాటు, ముడి విప్పడం, జుట్టు చెదరగొట్టడం అనే అర్థం కూడా ఉంది. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘విరబోయడం’. సందెవేళ జుట్టు విరబోసుకోవద్దని గోదావరి ఇళ్లలో పెద్దలు మందలించేది ఇదే సంస్కారంతో. సభలో ద్రౌపది జుట్టు పట్టి ఈడ్చిన ఘట్టం నుంచి భట్టనారాయణుడి ‘వేణీసంహారం’ దాకా విరిసిన జుట్టు భంగపడిన మర్యాదకు గుర్తు. అయితే యూదు గృహంలో వస్త్రం చేసే పనిని తెలుగింట్లో జడ, కొప్పు, పూలు చేశాయి. కట్టిన జుట్టే కప్పిన జుట్టు. కనుక తెలుగు ముత్తైదువకు తలమీద గుడ్డ అవసరం రాలేదు. పసుపు, కుంకుమ, గాజులు, మెట్టెలు, మంగళసూత్రంతోపాటు సిగలో పువ్వు కనబడాలి. గుడ్డ వేస్తే అది కనబడదు.

యూదు కన్య తల కప్పుకోదు. పెళ్లితో కప్పు మొదలవుతుంది. భర్త పోయినంతమాత్రాన అది తొలగదు. ఇరవయ్యో శతాబ్దపు ధర్మవేత్త రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ ఉపాధి కోసం తల విప్పుకోవలసివచ్చిన ఒక వితంతువుకు మినహాయింపు ఇచ్చాడు. మినహాయింపు అడగవలసివచ్చిందంటేనే నియమం ఏమిటో తెలుస్తుంది. గోదావరి తీరపు అగ్రవర్ణాల్లో ఇందుకు పూర్తిగా విలోమం. అక్కడ పెళ్లి మొదలైనప్పుడు వచ్చే కప్పు, ఇక్కడ పెళ్లి ముగిసినప్పుడు వచ్చింది.

కప్పు ఎంత లోతుగా ఉండాలన్న చర్చలో తల్ముద్ ఒక తల్లి కథ చెబుతుంది. కిమ్హీత్ అనే ఆమె ఏడుగురు కొడుకులూ ప్రధాన యాజకులయ్యారు. అంతటి పుణ్యం ఏం చేశావని పండితులు అడిగితే, తన జడలను తన ఇంటి దూలాలైనా చూడలేదని చెప్పింది. చాలామంది అలాగే చేశారు, వాళ్లకేమీ ఒరగలేదని పండితులు బదులిచ్చారు. ఉపదేశకులు కథలోని మొదటి సగాన్నే చెబుతారు. రెండో సగంలోని చురుకు లేకపోతే తల్ముద్ తల్ముద్ కాదు.

పురుషుడి విషయం వేరు. అతని తలకప్పుకు తోరాలో సాధారణ విధి లేదు. యాజకుల తలపాగాల ప్రస్తావన మాత్రమే ఉంది. తల్ముద్‌లో ఇది మొదట కొందరి వ్యక్తిగత నిష్ఠ. రావ్ హూనా తల కప్పుకోకుండా నాలుగు మూరలు నడిచేవాడు కాదట, దైవసన్నిధి తన తలకు పైనే ఉందని. రావ్ నహ్మాన్ బర్ యిస్హాక్ దొంగ అవుతాడని జ్యోతిష్కులు చెబితే, ఆయన తల్లి కొడుకు తల ఎప్పుడూ బోసిగా ఉంచనీయలేదు. ఒకనాడు ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని చదువుకొంటుండగా తలమీది గుడ్డ జారింది. చెట్టు వైపు చూశాడు, ఎక్కాడు, పరాయివాడి గెలను పళ్లతో కొరికాడు. దైవభీతి అనే నిరాకారభావాన్ని ఇంత హాస్యంగా, ఇంత స్పష్టంగా చూపిన కథ మతసాహిత్యంలో తక్కువ. ఈ నిష్ఠ క్రమంగా ఆచారమై, 16వ శతాబ్దపు ‘షుల్హాన్ ఆరూఖ్’లో నియమంగా చేరింది. 17వ శతాబ్దంలో రబ్బీ దావిద్ హలేవి సెగాల్ మరో హేతువు చూపాడు: చుట్టూ ఉన్న అన్యులు కూర్చోగానే టోపీ తీస్తారు, కనుక యూదుడు తీయకూడదు. ఆచారానికి అర్థం లోపలినుంచే రానక్కరలేదనీ, పొరుగువాడి తలను చూసి కూడా ఏర్పడుతుందనీ ఒక ధర్మవేత్తే అంగీకరించిన సందర్భం ఇది. నేటి ఇజ్రాయెల్‌లో అల్లిన కిప్పాకూ నల్ల మఖమల్ కిప్పాకూ మధ్య రాజకీయ, సామాజిక భేదాలు చదవడం కూడా ఈ సూత్రానికి కొనసాగింపే.

పౌలు వాక్యం తెలుగులో

కొరింథు రోమన్లు క్రీ.పూ. 44లో తిరిగి నెలకొల్పిన నగరం. రోమన్ పురుషులు బలి అర్పించేటప్పుడు వస్త్రపు అంచును తలమీదికి లాక్కొనేవారు. అటువంటి నగరంలో ప్రార్థించే పురుషుడు తల కప్పుకోకూడదనీ, స్త్రీ కప్పుకోవాలనీ పౌలు రాశాడు. పురుషుల తలకప్పు ఇంకా యూదుల సార్వత్రిక నియమం కాని కాలమది. తరువాతి శతాబ్దాల్లో యూదు పురుషుడు కప్పువైపు, క్రైస్తవ పురుషుడు బోసితలవైపు సాగిపోయారు. స్త్రీ విషయంలో పౌలు యూదు ఆచారాన్ని నిలిపాడనిపిస్తుంది కాని, అక్కడా ఒక మార్పు ఉంది. యూదు నియమం వీధికి సంబంధించింది, వివాహితకు సంబంధించింది. పౌలు మాట ప్రార్థనకూ ప్రవచనానికీ సంబంధించింది. వివాహచిహ్నం ఆరాధనాచిహ్నంగా మారడం ఇక్కడే మొదలైంది.

తెలుగు ప్రొటెస్టెంట్ల వాడుకలో స్థిరపడిన అనువాదంలో ఈ అధ్యాయానికి కీలకమైనవి మూడు మాటలు: ముసుకు, క్షౌరము, పైటచెంగు. మూడూ అచ్చంగా మన నేలమీద తిరిగే మాటలే. అనువాదం చేసిన మేలూ, తెచ్చిన చిక్కూ ఆ మాటల్లోనే ఉన్నాయి.

‘ముసుకు’ అనే మాటను అనువాదకులు పురుషుడికీ స్త్రీకీ సమానంగా వాడారు. గ్రీకు వాక్యానికి అది న్యాయమే. తెలుగు చెవికి మాత్రం మగవాడు ముసుకు వేసుకోడు. అతనిది తలపాగా, తలగుడ్డ, కుళ్ళాయి. ముసుగు తన్ని పడుకొన్నప్పుడో, ముసుగులో గుద్దులాట అన్నప్పుడో తప్ప ఆ పదం అతని దరికి రాదు. అందువల్ల పురుషుడిపై విధించిన నిషేధం తెలుగులో నిషేధంలా వినిపించదు. నిజానికి ప్రార్థనకు ముందు తువ్వాలు దించే రైతు ఆ పదాన్ని బట్టి కాక, పెద్దల ముందు తలగుడ్డ తీసే పాత అలవాటును బట్టే దించుతున్నాడనడం సమంజసం. విధి అంతా స్త్రీ మీదే పడినట్లు తోచడానికి పౌలు ఎంత కారణమో ‘ముసుకు’ అనే మాట అంత కారణం.

స్త్రీ తలమీద ఉండవలసిందని పదో వచనం చెప్పేది గ్రీకులో కేవలం ‘అధికారం’. తెలుగులో ‘సూచన’ అనే మాట అదనంగా చేరింది. ఇతర భాషల అనువాదకులు కూడా ఈ చేర్పు చేశారు. ఆ అధికారం ఎవరిది? ప్రవచించే స్త్రీదేనన్నది నేటి అనేక వ్యాఖ్యాతల మతం. భర్తదన్నది ప్రసంగవేదికల మతం. ‘సూచన’ చేరడంతో రెండో అర్థానికి దారి సుగమమైంది.

పదిహేనో వచనంలోని ‘పైటచెంగు’ అనువాదకుడి ప్రతిభకు నిదర్శనం. చుట్టూ కప్పుకొనే వస్త్రం అనే అర్థమున్న గ్రీకు పదానికి, తెలుగు స్త్రీ ఒంటిమీద అప్పటికే ఉన్నదాన్ని చూపాడు. యూదు స్త్రీ శిరోవస్త్రం విడిగా కొనుక్కోవలసిన వస్తువు. తెలుగు స్త్రీకి అది చీరలోనే ఉంది, తీసుకోవడమే తరువాయి. ఎంత తేలిగ్గా వేసుకోవచ్చో అంత తేలిగ్గా దించుకోవచ్చు కూడా. డెల్టాలో ఈ ఆచారం ఇంత స్థిరంగా నిలవడానికి వేదాంతం కంటే చీర ఎక్కువ సాయపడింది.

అసలు చిక్కు ‘క్షౌరము’ దగ్గర ఉంది. పౌలు తర్కం ఒక వికల్పం మీద నిలిచింది. ముసుకు వద్దంటే క్షౌరం చేయించుకోవాలి. క్షౌరం అవమానమైతే ముసుకు వేసుకోవాలి. రెండింట్లో ఒకటి ఉంటే మరొకటి ఉండదని ఆయన ఊహ. 19వ శతాబ్దపు రాజమహేంద్రవరంలో ఈ వాక్యం విన్న మనిషికి కళ్లెదుట కనబడేది మరొకటి. అక్కడ క్షౌరం అయిన స్త్రీయే ముసుగు వేసుకొనేది. రెండూ ఒకే తల మీద ఉన్నాయి. పౌలు వికల్పం ఆ వీధిలో నిలవదు.

రాజమహేంద్రవరపు ముసుగు

వితంతువు జడ పరలోకంలో భర్తకు బంధనమవుతుందనీ, కనుక శిరోముండనం చేయించాలనీ చెప్పే వారు స్కాందపురాణంలోని కాశీఖండాన్ని ప్రమాణంగా చూపేవారు. ఆ ఖండాన్ని తెనిగించిన శ్రీనాథుడు తన కావ్యాన్ని రాజమహేంద్రవరపు రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. ఆ ఊరికీ ఆ గ్రంథానికీ ఉన్న బంధుత్వం అలాంటిది. యూదు వాదంతో పోల్చితే ఒక పోలిక స్పష్టం. రెండుచోట్లా భార్య జుట్టు భర్తకు సంబంధించిన విషయం. అక్కడ అది అతనికి మాత్రమే చెందిన అందం కనుక దాచాలి. ఇక్కడ అతన్ని కట్టివేసే తాడు కనుక కోయాలి. ఆమె తల ఆమెది అన్న ఊహ రెండు వాదాల్లోనూ లేదు.

ఈ ఆచారం భాషలో మిగిల్చిన గాయం మాన్పరానిది. సంస్కృతంలో ముండ శబ్దానికి గొరిగిన తల అని అర్థం. తెలుగులో అది వితంతువుకు పేరయింది, అటుపైన ఏ స్త్రీనైనా తిట్టే తిట్టయింది. మంగలికత్తి నుంచి పుట్టిన మాట పెదవి మీద ఇప్పటికీ తిరుగుతోంది. ముసుగు ఆ గొరిగిన తలకు మూత. దాన్ని అణకువ అనడం కుదరదు. శుభకార్యంలో ఎదురు రాకూడని మనిషిని దూరంనుంచే గుర్తుపట్టడానికి సమాజం ఏర్పరచుకొన్న గుర్తు అది.

కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించి, 1879లో వితంతువివాహంపై ఉపన్యసించి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతువివాహం జరిపించినప్పుడు, చట్టం వచ్చి అప్పటికే పాతికేళ్లయింది. 1856 నాటి చట్టం పెళ్లిని చెల్లుబాటు చేసింది కాని, ముసుగును ఏ చట్టమూ తీయలేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం, విద్యార్థుల అండ, ఊరివారి వెలి ఇవన్నీ ప్రసిద్ధవిషయాలే. సాధారణంగా గుర్తించని కోణం ఒకటుంది. పెళ్లిపీటల మీద కూర్చున్న వితంతువు తలలో పూలు పెట్టుకొంది. సంస్కరణ శాస్త్రచర్చగా సాగినా, ఊరు చూసింది శాస్త్రాన్ని కాదు, ఆ తలను. వెలివేసినవారికి భరింపరానిది అక్కడ కనబడింది.

ముసుగు, గుండు అంటే ఎక్కడైనా వైధవ్యమేనా? హంగరీ మూలాలున్న సాత్మార్ వంటి కొన్ని హసీదీ శాఖల్లో పెళ్లయిన మరునాడు వధువు తల గొరుగుతారు, ఆపైన వస్త్రం కట్టుకొంటుంది. గొరిగిన తల, దానిమీద గుడ్డ. రాజమహేంద్రవరపు వీధిలో ఆమెను నిలబెడితే ఎదురొచ్చినవాడు పక్కకు తప్పుకొంటాడు. బ్రూక్లిన్‌లోని ఆమె వీధిలో ఆమె కొత్తపెళ్లికూతురు. రూపం అణుమాత్రమైనా మారలేదు.

చెంగు ఎక్కడ ఉంది?

ఇటువంటి వీధుల నడుమ డెల్టా క్రైస్తవ స్త్రీ తలమీదికి చెంగు లాక్కొంది. బ్రదరన్ సహవాసాలతోపాటు, ఇరవయ్యో శతాబ్దంలో భక్త్ సింగ్ ప్రభావంతో విస్తరించిన హెబ్రోను సహవాసాల్లోనూ బొట్టు, పూలు, నగలు విడవడం, ఆరాధనకు తెల్లని దుస్తులు కట్టడం సాధారణం. అంటే భర్త పక్కనే ఉన్న స్త్రీ మీద బొట్టు లేకపోవడం, పువ్వు లేకపోవడం, తెల్లచీర, ముసుగు అనే నాలుగూ ఒకేసారి చేరాయి. అగ్రవర్ణపు కంటికి అది అచ్చంగా వితంతువేషం. తెల్లబట్ట మిషనరీకి ప్రకటన గ్రంథంలోని నిర్మలత్వం, పొరుగింటి అత్తగారికి అమంగళం. అనువాదకులు ముసుకును అనువదించారు, దాని చుట్టూ ఉన్న బొట్టూ పువ్వూ రంగూ అనే వాక్యశేషాన్ని ఎవరూ అనువదించలేదు.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. వితంతువేషం అన్నది చూసేవారి చదువు, వేసుకొన్నవారిది కాదు. డెల్టాలో సహవాసాల్లో చేరినవారిలో అధికభాగం మాల, మాదిగ కుటుంబాలవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 వరకు కట్టిన కాలంలోనూ, ఆపైన కాలువలు సాగిన కాలంలోనూ మట్టి మోసిన చేతులు వారివే. వారిలో శిరోముండనం లేదు. మారుమనువు ఉంది. వితంతువు ముసుగు వారి ఇంట పుట్టిన గుర్తు కాదు, ఊరివారి గుర్తు. వారి చెంగు కథ పొలంలో వెతకాలి. నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు కొంగు నడుముకు బిగించి ఉంటుంది. మోపు ఎత్తేటప్పుడు చుట్టకుదురై నెత్తిన చేరుతుంది. బరువూ బురదా లేని వేళ మాత్రమే చెంగు వదులుగా తలమీద నిలుస్తుంది. ఆరు రోజులు పని, ఏడో రోజు విశ్రాంతి అన్న యూదు విశ్రాంతిదినపు ఊహ ఆ చెంగులో ఉంది. పౌలు చెప్పని అర్థం ఇది. ఏ ప్రసంగంలోనూ వినబడకపోయినా, ఆ చెంగుకు ఉన్న అర్థాల్లో అత్యంత గౌరవనీయమైనది ఇదేననిపిస్తుంది.

దీన్ని బట్టి ముసుకును కేవలం పురుషాధిక్యచిహ్నంగా తేల్చే విమర్శ అసంపూర్ణం. వేదిక మీద పురుషుడు ‘అధికార సూచన’ను భర్త అధికారంగా బోధిస్తున్నంతకాలం ఆ విమర్శకు పని ఉంటుంది. కాని ఆ విమర్శ కూడా ముసుగును ఊరివారి కంటితోనే చూస్తోందేమో పరిశీలించుకోవాలి.

తలనీలాలు, షైటెల్

యూదు శిరోవస్త్రానికీ తెలుగునేలకూ ఉన్న సంబంధాల్లో అత్యంత విచిత్రమైనది లేఖల ద్వారా కాక వెంట్రుకల ద్వారా ఏర్పడింది. నిష్ఠగల అనేక యూదు కుటుంబాల్లో భార్యలు తమ జుట్టును షైటెల్ అనే విగ్గుతో కప్పుతారు. జుట్టును జుట్టుతో కప్పడం సబబేనా అన్నది అక్కడ పాత వివాదం. 2004 మేలో దానికి కొత్త మలుపు వచ్చింది. భారతదేశపు జుట్టులో ఎక్కువ భాగం తిరుమలలో భక్తులు సమర్పించినదనీ, అది విగ్రహారాధనలో భాగమైన నైవేద్యం కనుక దానితో చేసిన విగ్గులు నిషిద్ధమనీ యెరూషలేములోని రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ తీర్పు చెప్పాడు. బ్రూక్లిన్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు.

చర్చ అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: భక్తుడు దేవుడికి ఇస్తున్నది జుట్టునా, లేక అందాన్నీ అహంకారాన్నీ విడుస్తున్నాడా? జుట్టు ఇవ్వడమే అయితే అది నైవేద్యం, విడవడమైతే మిగిలినది తుక్కు. క్షౌరం గర్భగుడిలో కాక కల్యాణకట్టలో జరుగుతుంది కదా అని ఒక వర్గం వాదించింది. ఈ ప్రశ్నకు తెలుగు భాషే ఒక సమాధానం ఇస్తుంది. మంగలి వద్ద జరిగేది క్షౌరం, వితంతువుకు చేసినది ముండనం, కొండమీద ఇచ్చేది తలనీలాలు. కత్తి ఒకటే, మాటలు మూడు. తలనీలాలను ‘సమర్పిస్తారు’, ‘మొక్కు చెల్లిస్తారు’. ఎల్యాషివ్ తీర్పు వైపే ఆ క్రియలు మొగ్గుతున్నాయని ఒప్పుకోవాలి. స్వామి తలకు తగిలిన దెబ్బవల్ల జుట్టు ఊడిన చోట నీలాదేవి తన కురులు కోసి అతికించిందనీ, భక్తుల జుట్టు ఆమెకే చెందేలా స్వామి వరమిచ్చాడనీ జనంలో ఉన్న కథ. స్త్రీ కురులతో మరొకరి తల కప్పడం అన్న ఊహ షైటెల్ కంటే ముందే ఆ కొండ మీద ఉందన్నమాట.

డెల్టావాసులకు ఇది దూరపు కథ కాదు. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు, చిన్న తిరుపతి మొక్కు మాత్రం అక్కడే తీర్చాలని నమ్మే ప్రాంతమిది. పూర్వపు పశ్చిమగోదావరి జిల్లాలోని ద్వారకాతిరుమల ఆ చిన్న తిరుపతి. అక్కడ ముత్తైదువ గుండు చేయించుకొని నడిచివస్తే ఎవరూ తప్పుకోరు. వేలి చివర గంధం తీసుకొని ఆమె తలకు పూస్తారు. అదే డెల్టా, అదే గుండు. మధ్యలో ఉన్నదల్లా ఒక మొక్కు.

మగవాడి తల

కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిము సమాజం మాదిగ మూలాలు గలది. పూర్వీకులు 19వ శతాబ్దంలో బాప్టిస్టు క్రైస్తవం స్వీకరించారు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే సోదరుల నాయకత్వంలో వారు తాము ఇశ్రాయేలు గోత్రాల్లోని ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించి, 1990ల ఆరంభంలో అక్కడ సమాజమందిరం ఏర్పరచుకొన్నారు. వారిపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్‌ల అధ్యయనం 2013లో గ్రంథంగా వచ్చింది. కులం, మతం పరస్పరం ఎలా పెనవేసుకొన్నాయన్నది ఆ గ్రంథానికి ప్రధానాంశం. తలకప్పు కోణం నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది.

మతం మారినప్పుడు స్త్రీల తలలు పెద్దగా మారలేదు. క్రైస్తవ ప్రార్థనలో తలమీద ఉన్న చెంగే యూదు ప్రార్థనలోనూ పనికొచ్చింది. మారినది మగవాడి తల. నిన్న ప్రార్థనకు బోసిగా ఉండవలసిన తల మీద నేడు కిప్పా ఉంది. తలకప్పు అనగానే స్త్రీనే తలచుకొనే అలవాటువల్ల ఈ మార్పు తెలుగు విమర్శ దృష్టికి రాలేదు.

ఆ తలకు మరో చరిత్ర ఉంది. తెలుగు పల్లెల్లో దళితుడు భూస్వామి ఎదుట తలగుడ్డ తీసి చంకన పెట్టుకోవలసివచ్చేది. చెప్పులు చేతపట్టుకోవలసివచ్చేది. తల బోసిగా ఉండడం అతనికి దైవభక్తి కంటే ముందు దొర భయం నేర్పిన అలవాటు. చర్చిలో తువ్వాలు దించినప్పుడు ఆ రెండూ ఒకే కదలికలో కలిసిపోయాయి. ఎవరి ముందు దించుతున్నాడో దేహానికి తేడా తెలియదు. రావ్ హూనా చెప్పిన హేతువులో మాత్రం పైన ఉన్నవాడు ఒక్కడే, ఆయన ముందు తల కప్పాలి. భయపడవలసినవాడి ముందు తలగుడ్డ తీయమన్న ఊరి నీతికి ఇది సరిగ్గా ఎదురు. కిప్పా ధరించిన ప్రతివాడూ ఈ లెక్క వేసుకొని ధరించాడని అనలేం. హీబ్రూ నేర్చుకోవడం, విశ్రాంతిదినం పాటించడం, ఇతర యూదుల గుర్తింపు పొందడం వారికి అంతకంటే దగ్గరి కారణాలు కావచ్చు. కాని అరచేతంత గుడ్డ ఆ తల మీద మోసే బరువు, యెరూషలేములో మరో తల మీద మోసే బరువు ఒకటి కావు.

ఆ వస్తువుకు తెలుగులో ఇంకా పేరు లేదు. టోపీ అంటే మోసం స్ఫురిస్తుంది, కుళ్ళాయి అంటే మరో మతం స్ఫురిస్తుంది, పాగా అంటే పెత్తనం. అందుకే కిప్పా అనే హీబ్రూ మాటే వాడుకలో నిలిచింది. పౌలు లేఖ వారి గ్రంథంలో ఇప్పుడు లేదు. స్త్రీల తలమీది చెంగు ఆ లేఖ వెంట వచ్చినదే. లేఖ వెళ్లిపోయింది, చెంగు అక్కడే ఉంది.